కామన్స్‌లో పెట్టిన ఫోటో ఎందుకు పోతుంది? కాపీరైటు జాగ్రత్తలు, డిలీషన్ పద్ధతి

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌లో డిగ్రీ చదివే ఒక కుర్రాడు ఒక రాత్రి కూర్చుని వికీమీడియా కామన్స్‌లో నాలుగు ఫోటోలు ఎక్కించాడనుకుందాం. మొదటిది, జుమా నమాజ్ అయ్యాక తన ఫోన్‌తో తానే తీసిన మస్జిద్ ఫోటో. రెండోది, చెరువు నిండినప్పుడు ఎవరో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మూడోది, ఇంట్లో సందూక్‌లో దొరికిన దాదా స్టూడియో ఫోటో. నాలుగోది ఒక నాయకుడిది, ఆయన ఫేస్‌బుక్ పేజీ నుంచి దించుకున్నది. నాలుగింటికీ "ఇది నా సొంత పని" అన్న చోటే టిక్కు పెట్టాడు. వారం పది రోజుల తర్వాత చూస్తే మొదటిది ఒక్కటే మిగిలింది. మిగతా మూడూ లేవు. అతని చర్చా పేజీ నిండా ఇంగ్లీషులో హెచ్చరికలు.

ఇట్లాంటప్పుడు మనసులో మొదట వచ్చే మాట, "కావాలనే తీసేశారు" అని. ఊరి మీద చిన్నచూపనీ, ఉర్దూ పేరు చూసి తీసేశారనీ అనుకునేవాళ్లూ ఉంటారు. ఈ మూడు ఫోటోలు పోవడానికి మాత్రం అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఇవే ఫోటోలు జర్మనీలోనో జపాన్‌లోనో ఎవరు ఎక్కించినా ఇదే జరిగేది. కామన్స్‌లో ఫైలు ఉంచాలంటే అది స్వేచ్ఛగా వాడుకోదగినదని ఎక్కించినవాళ్లే చూపాలి. చూపలేకపోతే ఫైలు పోతుంది. ఆ చూపించే పద్ధతి తెలియక పోయే ఫైళ్లలో ఇంకెక్కడా దొరకని ఇంటి ఫోటోలు, ఊరి ఫోటోలు ఉంటాయి. అసలు నష్టం అక్కడ.

కామన్స్ ఎవరిది, ఎవరి కోసం

వికీమీడియా కామన్స్ 2004 సెప్టెంబర్ 7న మొదలైంది. ఫోటోలు, బొమ్మలు, ఆడియో, వీడియో, స్కాన్ చేసిన పుస్తకాలు కలిపి ఇప్పుడు అందులో 10 కోట్లకు పైగా ఫైళ్లున్నాయి. అన్ని భాషల వికీపీడియాలకూ ఇది ఉమ్మడి గోదాము లాంటిది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో మొదలయ్యాయి. రెండూ ఫోటోల కోసం ఎక్కువగా ఈ గోదాము మీదే ఆధారపడతాయి. నారాయణఖేడ్ లాంటి చోట, ఒకే బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ వినిపించే చోట, దీని లాభం తొందరగా అర్థమవుతుంది. మస్జిద్ ఫోటో ఒక్కసారి కామన్స్‌లో పెడితే నాలుగు భాషల వ్యాసాల్లోనూ అదే ఫోటో కనిపిస్తుంది. నష్టం కూడా అట్లాగే ఉంటుంది. కామన్స్‌లో ఫైలు పోతే, 'కామన్స్ డీలింకర్' అనే బాట్ అన్ని భాషల వ్యాసాల్లోంచీ ఆ ఫోటో లింకును తీసేస్తుంది.

ఇక్కడ "స్వేచ్ఛ" అంటే ఉచితంగా చూడొచ్చని మాత్రమే కాదు. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకంలో వేసుకోవచ్చు, క్యాలెండర్ మీద అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. అందుకే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో కొన్నిటినే అక్కడ ఒప్పుకుంటారు. సీసీ బై, సీసీ బై ఎస్‌ఏ, సీసీ జీరో పనికొస్తాయి. "వ్యాపారానికి వాడొద్దు" అన్న ఎన్‌సీ లైసెన్సు, "మార్చొద్దు" అన్న ఎన్‌డీ లైసెన్సు పనికిరావు. "వికీపీడియాలో మాత్రమే వాడుకోండి" అని ఎవరైనా ప్రేమగా రాసిచ్చినా అదీ పనికిరాదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పెద్దాయన దగ్గరికి వెళ్లి "వికీపీడియాలో పెట్టుకోవచ్చా చాచా" అని అడుగుతారు, ఆయన "పెట్టుకో బేటా" అంటాడు. ఆ ఇజాజత్ నిజమే, కానీ సరిపోదు. అమ్ముకునేవాళ్లు కూడా ఈ ఫోటో వాడుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు కదా.

మన కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకు, వార్తలకు కొంత వెసులుబాటు ఇచ్చింది. పత్రిక ఆ వెసులుబాటు మీద ఒక ఫోటో వేసుకోవచ్చు. కామన్స్‌లో అది చెల్లదు. అక్కడి ఫైలును రేపు ఎవరు ఏ పనికి వాడతారో తెలియదు కాబట్టి. తెలుగు వికీపీడియాలో మాత్రం స్థానికంగా, కారణం రాసి, సినిమా పోస్టరు, పుస్తకం అట్ట వంటివి చిన్న సైజులో ఎక్కించే వీలుంది. ఆ ఫైలు తెలుగు వికీకే పరిమితం, ఉర్దూ వ్యాసంలో కనిపించదు.

అనుమానం ఉంటే తీసేస్తారు

కామన్స్‌లో ముందుజాగ్రత్త సూత్రం అని ఒకటుంది. ఒక ఫైలు స్వేచ్ఛ గురించి గట్టి అనుమానం ఉంటే ఆ ఫైలును తీసేయాలి అన్నది దాని సారం. "అసలు ఓనర్ ఏమీ అనడు", "ఎవరికీ తెలియదు", "ఇంటర్నెట్ నిండా ఇదే ఫోటో ఉంది, మాకొక్కరికేనా రూలు", "ఓనర్‌కు మంచి పబ్లిసిటీనే కదా" అనే వాదనలు అక్కడ నడవవు.

ఇది మరీ గట్టిగా అనిపించవచ్చు. కానీ రెండో వైపు నుంచి చూడాలి. బీదర్‌లోనో జహీరాబాద్‌లోనో ఒక ప్రింటింగ్ ప్రెస్ అతను కామన్స్ నుంచి ఫోటో దించుకుని, స్వేచ్ఛా లైసెన్సు ఉందని నమ్మి, రంజాన్ టైమ్ టేబుల్ మీద వేశాడనుకోండి. ఆ తర్వాత అసలు ఫోటోగ్రాఫర్ వచ్చి "నా ఫోటో ఎందుకు వేశావు" అని నోటీసు పంపితే చిక్కులో పడేది ఆ ప్రెస్ అతనే. తెలిసి చేసిన కాపీరైటు ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. తెలియక చేశానని అతను నిరూపించుకోవచ్చు. కానీ దానికి ఎన్నిసార్లు కోర్టు మెట్లెక్కాలో మన అందరికీ తెలుసు.

అట్లాగని ఎవరు ఫిర్యాదు చేసినా తీసేస్తారనీ కాదు. ఇండోనేషియాలో ఒక కోతి తనే కెమెరా నొక్కి తీసుకున్న ఫోటోలు 2011లో బయటికొచ్చాయి. ఆ కెమెరా ఓనర్, బ్రిటన్ ఫోటోగ్రాఫర్ డేవిడ్ స్లేటర్, వాటిని తీసేయమని అడిగాడు. తీసింది మనిషి కాదు కాబట్టి కాపీరైటు ఎవరికీ లేదని వికీమీడియా నిలబడింది. ఆ ఫోటోలు తీసేయలేదు.

ఆ నాలుగు ఫోటోల సంగతి

మస్జిద్ ఫోటో ఎందుకు నిలిచింది? తీసింది అతనే. అసలు ఫోన్ ఫైలు అట్లాగే ఎక్కించాడు, అందులో ఫోన్ మోడల్, తేదీ, సమయం ఉన్నాయి. ఇంకో కారణం చట్టంలో ఉంది. కట్టడాలకు కూడా కాపీరైటు ఉంటుంది, కానీ కట్టడం ఫోటో తీయడం, ప్రచురించడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాలకూ ఇదే వర్తిస్తుంది. ఈ వెసులుబాటు అన్ని దేశాల్లో లేదు. ఫ్రాన్స్‌లో కొత్త కట్టడాల ఫోటోలతో కామన్స్‌లో ఎప్పుడూ తలనొప్పే. మనకు ఆ బాధ లేదు.

కానీ ఈ వెసులుబాటు గోడ మీద వేసిన పెయింటింగుకు, పోస్టరుకు, ఫ్లెక్సీకి వర్తించదు. చౌరస్తాలో ఈద్ ముబారక్ ఫ్లెక్సీని దగ్గర నుంచి ఫోటో తీస్తే ఆ డిజైను, అందులోని నాయకుల ఫోటోలు అన్నీ వేరేవాళ్లవి. మస్జిద్ లోపల ఈ కాలపు ఖత్తాత్ రాసిన తుగ్రా బోర్డు ఒక్కటే ఫ్రేము నిండా తీసినా ఇదే చిక్కు. ఆయత్‌కు కాపీరైటు లేదు, దాన్ని రాసిన చేతిపనికి ఉండవచ్చు. మిహ్రాబ్ మొత్తం ఫోటోలో ఆ బోర్డు ఓ మూలన కనిపిస్తే సమస్య చాలావరకు ఉండదు.

చెరువు ఫోటో పోవడానికి వాట్సాపే సగం కారణం. వాట్సాప్‌లో పంపిన ఫోటో సైజు తగ్గిపోతుంది, కెమెరా వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. చిన్న సైజు, వివరాలు లేవు, ఎక్కించింది కొత్త అకౌంటు. ఈ మూడూ కలిస్తే కామన్స్‌లో చూసేవాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది. తమాషా ఏమిటంటే, తాను తీసిన ఫోటోనే తమ్ముడి ఫోన్‌కు వాట్సాప్‌లో పంపి అక్కడి నుంచి ఎక్కించినా ఇదే అనుమానం వస్తుంది. సొంత ఫోటో పెట్టేటప్పుడు కెమెరా రోల్‌లో ఉన్న అసలు ఫైలే పెట్టాలి. ఇక ఆ చెరువు ఫోటో తీసిందెవరో గ్రూపులో అడిగితే తెలిసిపోయేది, అతన్నే అకౌంటు తెరిచి ఎక్కించమంటే పని అయిపోయేది. ఊళ్లో అది పది నిమిషాల పని.

నాయకుడి ఫోటో సంగతి ఇంకా తేలిక. ఫేస్‌బుక్ నుంచి దించిన ఫోటోల లోపలి వివరాల్లో ఆ సంస్థ వేసే ఒక గుర్తు తరచూ మిగిలిపోతుంది. కామన్స్ వాళ్లు దాన్ని చూసి పట్టేస్తారు. గూగుల్ లెన్స్‌తో, టిన్‌ఐతో వెతికినా అసలు పేజీ బయటపడుతుంది. నాయకుడు తన ఫోటో తానే పంపినా చాలదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు కర్త అంటే ఫోటో తీసిన మనిషి. ఫోటోలో ఉన్న మనిషి కాదు. ఆయన సభకు వెళ్లి సొంతంగా ఒక ఫోటో తీస్తే ఏ పేచీ ఉండదు.

మిగిలింది దాదా ఫోటో. దీనికి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

సందూక్‌లో ఫోటో

ఫోటో ప్రింటు మన ఇంట్లో ఉన్నంత మాత్రాన దాని కాపీరైటు మన ఇంట్లో ఉన్నట్టు కాదు. పుస్తకం కొన్నవాడు రచయిత కాడు, ఇదీ అంతే. స్కాన్ చేసినంత మాత్రాన కొత్త హక్కు కూడా పుట్టదు. కాబట్టి "సొంత పని" అని టిక్కు పెట్టడం అబద్ధం కిందికే వస్తుంది, మనసులో ఆ ఉద్దేశం లేకపోయినా.

మొదట తేలాల్సింది ఫోటో ఎప్పుడు తీశారన్నది. 1958కి ముందు మన దేశంలో తీసిన ఫోటోలకు పాత చట్టం లెక్క ఉంది. నెగటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్లు. ఆ ఫోటోలన్నిటికీ గడువు ఎప్పుడో తీరిపోయింది. దాదా ఫోటో 1940ల నాటిదో 1952 నాటిదో అయితే ఫోటోగ్రాఫర్ ఎవరో తెలియకపోయినా భారత చట్టం వైపు నుంచి అడ్డు లేదు. కానీ అది ఆ కాలం నాటిదని చూపాలి. ఫోటో వెనక స్టూడియో ముద్ర, చేత్తో రాసిన తేదీ, హిజ్రీ సంవత్సరమో ఫస్లీ సంవత్సరమో ఏది ఉన్నా సరే, వెనక వైపు కూడా స్కాన్ చేసి పెట్టాలి. నిజాం కాలపు కాగితాల మీద ఫస్లీ తేదీలే ఎక్కువ. ఇప్పటి పిల్లలు దాన్ని హిజ్రీ అనుకుని లెక్క తప్పుతుంటారు. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడే అడిగి రాసుకుంటే ఈ తంటా ఉండదు.

1958 తర్వాతి ఫోటోలైతే కథ మారుతుంది. అప్పట్లో ఫోటోలకు ప్రచురణ నుంచి లెక్క వేసేవారు. 2012 సవరణలో ఆ ప్రత్యేక సెక్షన్‌ను తీసేశారు. ఇప్పుడు మిగతా కళారూపాల లాగే ఫోటోగ్రాఫర్ చనిపోయాక 60 ఏళ్లు. అంటే 1975లో తీసిన స్టూడియో ఫోటో ఇప్పట్లో స్వేచ్ఛ అయ్యేది కాదు.

ఇంకో మెలిక అమెరికాది. వికీమీడియా సర్వర్లు అమెరికా చట్టం కింద ఉన్నాయి. అందుకని ఫైలు పుట్టిన దేశంలోనూ, అమెరికాలోనూ స్వేచ్ఛగా ఉండాలని కామన్స్ నియమం. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో కాపీరైటు బతికి ఉన్న వాటికి అమెరికాలో కొత్తగా రక్షణ వచ్చింది. ఇక్కడ గడువు తీరినా అక్కడ తీరకపోవచ్చు. ఎంత పాతదైతే అంత నిశ్చింత.

నికాహ్ ఆల్బమ్

పెళ్లి ఫోటోల్లో చట్టం కొంత వింతగా, కుటుంబాల వైపే ఉంది. డబ్బిచ్చి మన కోరిక మీద తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి యజమాని డబ్బిచ్చి తీయించుకున్నవారే అని 17వ సెక్షన్ చెబుతుంది. అంటే కర్త ఫోటోగ్రాఫర్, హక్కుదారు మాత్రం పెళ్లివారు. స్టూడియో రసీదు వెనక చిన్న అక్షరాల్లో "హక్కులు మావే" అని ఉంటే సంగతి వేరు. ఆ రసీదు చూసుకోవాలి. కామన్స్‌లో అడిగితే చూపడానికీ అదే పనికొస్తుంది.

హక్కు ఉంది కదా అని పెట్టేయొచ్చా? ఇక్కడ ఆగాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకునేది కాదు. అందులో ఉన్న అమ్మాయి ముఖాన్ని ఏ దేశంలో ఏ షాపు వాడో దించుకుని ప్రకటనలో వేస్తే కాపీరైటు పేరు మీద ఆపలేరు. అందులో ఉన్న వ్యక్తికి వేరే హక్కులుంటాయి, అది వేరే పోరాటం. ఇంట్లో, ఫంక్షన్ హాల్లో తీసిన ఫోటోలకు అందులో కనిపించేవాళ్ల సమ్మతి కావాలని కామన్స్ కూడా అంటుంది. ఆడవాళ్లు, పిల్లలు ఉన్న ఇంటి ఫోటోలను అడగకుండా పెట్టడం ఎంత మంచి ఉద్దేశంతో చేసినా తప్పే. పొరపాటున పెడితే ఆలస్యం చేయొద్దు. ఎక్కించిన 7 రోజుల్లోపు, ఎక్కడా వాడకుండా ఉన్న ఫైలును ఎక్కించినవారే అడిగితే మామూలుగా తీసేస్తారు. ఆ తర్వాత అడిగితే చర్చ పెడతారు, ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఈలోపు ఎవరైనా దించుకుని ఉంటే దానికి మందు లేదు.

వారసులు అందరూ

దాదా స్వయంగా ఫోటోగ్రాఫర్ అనుకుందాం, లేదా దాదా రాసిన గజళ్ల నోటుబుక్ ఉందనుకుందాం. ఆ హక్కు వారసులకు వస్తుంది. కాపీరైటు కూడా పొలం, ఇల్లు లాగే ఒక ఆస్తి. అంటే వాటాలుంటాయి. పెద్దకొడుకు ఒక్కడే సంతకం పెడితే చాలదు, కూతుళ్లకూ వాటా ఉంది. పొలం విషయంలో ఆ సంగతి మరచిపోయే ఇళ్లు ఉన్నాయి, ఇక నోటుబుక్ విషయంలో ఎవరికి గుర్తొస్తుంది! రచయితల హక్కులు షరియత్ ప్రకారం కాపాడదగినవేనని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో తీర్మానించింది. కాబట్టి ఇది కేవలం ఇంగ్లీషు వాళ్ల చట్టం అని తీసిపారేసేది కాదు. వారసులందరూ కలిసి ఒక కాగితం మీద ఒప్పుకుని, వాళ్లలో ఒకరిని ఈమెయిల్ పంపేందుకు పెట్టుకుంటే పని సాఫీగా జరుగుతుంది.

మఖ్దూమ్ ఒక్కడు, లెక్కలు మూడు

సంగారెడ్డి జిల్లా వాళ్లకు దగ్గరి ఉదాహరణ మఖ్దూమ్ మొహియుద్దీన్. జోగిపేట పక్కనే ఉన్న అందోల్‌లో 1908 ఫిబ్రవరి 4న పుట్టాడు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశాడు. ఆయన గురించి తెలుగులోనో ఉర్దూలోనో వ్యాసం రాసేవాళ్లు ఏమేం ఎక్కించవచ్చు?

ఆయన కవితలు ముందు చూద్దాం. మన దేశంలో రచయిత చనిపోయిన సంవత్సరం పక్క ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైటు. అంటే 2029 ఆఖరు దాకా ఉంటుంది. 2030 జనవరి 1 నుంచి ఇక్కడ స్వేచ్ఛ. కానీ ఆయన మొదటి సంపుటి 'సుర్ఖ్ సవేరా' 1944లో వచ్చింది. అమెరికాలో దానికి ప్రచురణ నుంచి 95 ఏళ్ల లెక్క. అక్కడ 2040 జనవరి 1 దాకా ఆగాలి. అప్పటిదాకా ఆ పుస్తకం స్కాన్ కామన్స్‌లో పెడితే తీసేస్తారు, పెట్టినవాళ్లు మఖ్దూమ్ మీద ఎంత అభిమానంతో పెట్టినా సరే.

ఆయన ఫోటో అయితే, 1958కి ముందు తీసిందని చూపగలిగితే దారి ఉంది. 1960ల నాటి ఫోటో అయితే ఫోటోగ్రాఫర్ ఎవరో తెలియాలి. ఇక మూడోది విగ్రహం. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్నది. ఎవరైనా వెళ్లి తన ఫోన్‌తో ఫోటో తీసి ఈ రోజే కామన్స్‌లో పెట్టొచ్చు.

ఈ 60 ఏళ్ల లెక్క మొదట 50 ఏళ్లే. రవీంద్రనాథ్ టాగోర్ 1941లో చనిపోయాడు కాబట్టి 1991తో ఆయన రచనల గడువు తీరబోయింది. అప్పుడు దేశమంతటికీ పదేళ్లు పెంచారు. అల్లామా ఇక్బాల్ 1938లోనే పోయాడు, ఆయనకు అప్పటికే గడువు తీరింది, పెంపు వర్తించలేదు. పిఠాపురం కవి ఉమర్ ఆలీషా 1945లో పోయాడు, ఆయన రచనలు ఇక్కడ 2006లో స్వేచ్ఛ అయ్యాయి. మౌలానా అబుల్ కలాం ఆజాద్ రచనలు 2019లో. ఉర్దూ, తెలుగు పాత పుస్తకాలు స్కాన్ చేద్దామనుకునే వాళ్లు మొదట చూడాల్సింది అట్ట కాదు, రచయిత చనిపోయిన సంవత్సరం.

ఖిరాత్, నాత్, తర్జుమా

ఆడియోలో చాలామంది దెబ్బతింటారు. ఖురాన్ మూలానికి కాపీరైటు లేదు. కానీ ఒక ఖారీ గొంతులో రికార్డు చేసిన ఖిరాత్‌కు రికార్డింగ్ హక్కు ఉంటుంది, ప్రచురణ నుంచి 60 ఏళ్లు. చదివినవారికి ప్రదర్శకుడి హక్కు వేరే. తెలుగు తర్జుమాకు అనువాదకుడి హక్కు ఉంటుంది. పుణ్యం కోసం పంచిపెట్టిన పుస్తకమైనా సరే, "ఉచిత పంపిణీ" అని అట్ట మీద ఉన్నా సరే, అది స్వేచ్ఛా లైసెన్సు కాదు. ఉచితంగా పంచడం వేరు, మార్చి అమ్ముకోవడానికి ఒప్పుకోవడం వేరు.

యూట్యూబ్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఎంచుకునే వీలుంది. అట్లా పెట్టిన వీడియోను కామన్స్‌కు తేవచ్చు, ఆ ఛానల్ వాళ్లు నిజంగా అసలు హక్కుదారులైతే. వేరేవాళ్ల నాత్‌ను తమ ఛానల్లో పెట్టుకుని లైసెన్సు గడిలో ఏదో ఒకటి నొక్కినవాళ్ల వీడియో చెల్లదు. ఇట్లాంటివి దొరికినప్పుడు లైసెన్సును చూసి తనిఖీ చేసే వాలంటీర్లు కామన్స్‌లో ఉంటారు.

నోటీసు వస్తే ఏం చేయాలి

తీసివేతకు మూడు దారులున్నాయి. వేరేవాళ్లదని స్పష్టంగా తెలిసిపోతే వెంటనే తీసేస్తారు, చర్చ ఉండదు. మూలం చెప్పలేదనో, లైసెన్సు లేదనో, అనుమతి కనిపించలేదనో గుర్తు పెడితే 7 రోజుల గడువుంటుంది. అనుమానం ఉంది కానీ తేలలేదనుకుంటే చర్చా పేజీ తెరుస్తారు, అది మామూలుగా కనీసం 7 రోజులు ఉంటుంది. ఎవరైనా అందులో రాయవచ్చు. చివరికి నిర్వాహకుడు చదివి తేలుస్తాడు. చేతులెత్తి ఓట్లు లెక్కపెట్టడం అక్కడ పని చేయదు, పది మంది స్నేహితులను తెచ్చి "ఉంచండి ఉంచండి" అని రాయించినా ఫలం లేదు. ఒక్క తేదీ, ఒక్క రసీదు, ఒక్క ఈమెయిల్ వంద ఓట్ల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

కోపంలో అందరూ చేసే పని ఒకటుంది, పోయిన ఫైలునే పేరు మార్చి మళ్లీ ఎక్కించడం. అది వద్దు. రెండు మూడుసార్లు చేస్తే అకౌంటు బ్లాక్ అవుతుంది, అప్పుడు ఆ కుర్రాడు తీసిన మంచి ఫోటోల మీద కూడా అందరూ అనుమానంగా చూస్తారు. చేయాల్సింది ఏమిటంటే, చర్చా పేజీలో మర్యాదగా నిజం రాయడం. "ఇది నేను తీసింది కాదు, మా తాతగారి ఫోటో, 1951లో తీశారు, వెనక వైపు స్కాన్ జత చేస్తున్నా" అని రాస్తే సగం పని అయినట్టే. ఇంగ్లీషు సరిగా రాకపోయినా ఫర్వాలేదు. చిన్న వాక్యాలు చాలు, లేదా తెలుగు వికీపీడియా రచ్చబండలో సాయం అడగవచ్చు.

హక్కుదారు వేరేవారైతే వారి ఈమెయిల్ కావాలి. దీన్ని చూసే వాలంటీర్ల బృందాన్ని వీఆర్‌టీ అంటారు, 2021కి ముందు ఓటీఆర్ఎస్ అనేవారు. చిరునామా పర్మిషన్స్ హైఫన్ కామన్స్ ఎట్ వికీమీడియా డాట్ ఆర్గ్. ఆ ఈమెయిల్‌లో ఏ ఫైలు, ఏ లైసెన్సు, తానే హక్కుదారునన్న మాట, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చన్న ఒప్పుదల స్పష్టంగా ఉండాలి. హక్కుదారు తన చిరునామా నుంచి తానే పంపాలి. వాట్సాప్‌లో "ఓకే" అన్న స్క్రీన్‌షాట్ చెల్లదు. ఒప్పుకున్నాక ఫైలు పేజీలో ఒక టికెట్ నంబరు పడుతుంది, ఆ నంబరు ఉన్న ఫైలు జోలికి మామూలుగా ఎవరూ రారు. ఈమెయిల్ రావడానికి ఆలస్యమై ఈలోగా ఫైలు పోయినా కంగారు అక్కర్లేదు, అనుమతి తేలాక తిరిగి తెస్తారు.

ఇట్లా సరైన దారిలో వచ్చిన వాటికి ఉదాహరణ సయ్యద్ నశీర్ అహమ్మద్ పుస్తకాలు. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల గురించి, తెలుగు ముస్లిం రచయితల గురించి ఆయన రాసిన పుస్తకాలను తెలుగు వికీసోర్స్‌లో చదువుకోవచ్చు. 'అక్షరశిల్పులు' అందులో ఒకటి. బతికి ఉన్న రచయిత తానే స్వేచ్ఛా లైసెన్సు ఇవ్వడం వల్ల ఇది కుదిరింది, 60 ఏళ్లు ఆగే పని పడలేదు. నారాయణఖేడ్, జహీరాబాద్, జోగిపేటల్లో సొంత ఖర్చుతో చిన్న పుస్తకాలు అచ్చు వేయించుకున్న పెద్దలు, పాత స్టూడియోలు నడిపినవాళ్లు ఎవరైనా ఒప్పుకుంటే ఒక్క ఈమెయిల్‌తో ఇదే జరుగుతుంది. వాళ్లు పోయాక అదే పనికి నలుగురైదుగురు వారసులను, వాళ్లలో ఒకరిద్దరిని గల్ఫ్ నుంచి వెతికి పట్టుకోవాలి.

ఇక తీసేసిన ఫైలు నిజంగా నాశనం కాదు. మామూలు పాఠకులకు కనిపించదు, నిర్వాహకులకు మాత్రం కనిపిస్తుంది. సరైన ఆధారం తెస్తే "అన్‌డిలీషన్" పేజీలో అడిగి తిరిగి తెప్పించుకోవచ్చు. కాపీరైటు గడువు తీరలేదన్న కారణంతో పోయిన వాటికి ఇంకో ఏర్పాటుంది. ఏ ఏడాదిలో గడువు తీరుతుందో ఆ ఏడాది పేరుతో ఒక వర్గంలో రాసి పెడతారు, ఆ సంవత్సరం జనవరి రాగానే వాలంటీర్లు ఆ జాబితా తెరిచి ఒక్కొక్కటీ తిరిగి పెడతారు. 'సుర్ఖ్ సవేరా' స్కాన్‌ను ఎవరైనా తొందరపడి పెట్టి పోగొట్టుకుంటే, ఆ ఫైలు పేరు రాయాల్సిన జాబితా 2040ది.